చేతుల వణుకు ఆగాక ఏం జరుగుతుంది? డీబీఎస్ సైడ్ ఎఫెక్ట్స్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక కేసుతో మొదలుపెడదాం. 1999లో పారిస్ డాక్టర్లు ఒక మెడికల్ జర్నల్‌లో రాసిన కేసు ఇది.

65 ఏళ్ల పెద్దావిడ. 30 ఏళ్లుగా పార్కిన్సన్స్ ఉంది, డిప్రెషన్ మాత్రం ఎప్పుడూ లేదు. మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్‌లో ఏ పాయింట్ దగ్గర కరెంట్ ఇస్తే మేలో డాక్టర్లు చెక్ చేస్తున్నారు. ఒక పాయింట్ ఆన్ చేయగానే ఆమె ముఖం వాడిపోయింది. ఏడుపు మొదలైంది. ఇక బతుకు మీద ఆశ లేదన్నట్టు మాట్లాడింది. కరెంట్ ఆపేశారు. 90 సెకన్లలోపే ఆ బాధంతా పోయింది. ఆమె జబ్బు లక్షణాలు తగ్గించే పాయింట్‌కూ, ఏడిపించిన పాయింట్‌కూ మధ్య దూరం ఎంతో తెలుసా? 2 మిల్లీమీటర్లు!

ఈ 2 మిల్లీమీటర్లే ఈ రోజు మన టాపిక్.

పార్కిన్సన్స్‌ని మన దగ్గర వణుకుడు జబ్బు అంటారు. 1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి వివరంగా రాశాడు. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు మెల్లగా చచ్చిపోతుంటాయి. 1960ల చివర్లో లెవోడోపా మందు వచ్చింది. మన అడవుల్లో దొరికే దూలగొండి గింజల్లో ఉండేది కూడా ఈ పదార్థమే. మందు మొదట్లో బాగా పనిచేస్తుంది. కొన్నేళ్లకు ఒక్కో డోసు పనిచేసే టైమ్ తగ్గిపోతుంది, ఒళ్లు దానంతట అదే మెలికలు తిరుగుతుంది.

అంతకుముందు నుంచే సర్జన్లు మెదడులో చిన్న భాగాన్ని కాల్చి వణుకు ఆపేవాళ్లు. కానీ కాల్చింది మళ్లీ తిరిగి రాదు కదా. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం లూయీ బెనబిడ్ ఒక సంగతి గమనించాడు. కాల్చే ముందు సరైన చోటేనా అని కరెంట్ ఇచ్చి చూస్తారు. సెకనుకు 100 పల్స్‌ల దాకా పోయేసరికి, కాల్చకుండానే వణుకు ఆగింది. అలాంటప్పుడు కాల్చడం ఎందుకు, కరెంటే ఇస్తూ ఉంటే సరిపోతుంది కదా! డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, డీబీఎస్, అలా మొదలైంది. 1993లో అదే టీమ్ సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న భాగానికి కరెంట్ ఇచ్చింది. 2002లో అమెరికా ఎఫ్‌డీఏ పార్కిన్సన్స్‌కు అనుమతి ఇచ్చింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ రూపం బోర్గొహాయిన్ టీమ్ ఈ ట్రీట్‌మెంట్ మీద పేపర్లు కూడా రాసింది.

ఇప్పుడు సైడ్ ఎఫెక్ట్స్. ఇవి మూడు రకాలు.

ఒకటి, ఆపరేషన్‌వి. మెదడులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్. అరుదే, కానీ సీరియస్.

రెండు, కరెంట్ పక్కకు పాకడం వల్ల వచ్చేవి. ఆ న్యూక్లియస్ శనగగింజ సైజు ఉంటుంది. ఒక పక్కన కండరాలను కదిపే నరాల దారి ఉంది. కరెంట్ అటు పాకితే మాట ముద్దగా వస్తుంది, ముఖం లాగుతుంది. ఇంకో పక్కకు పోతే చేతుల్లో తిమ్మిర్లు. లోపల మూడ్‌తో సంబంధం ఉన్న భాగం కూడా ఉంది. నేను కోడింగ్ చేసి వచ్చినవాణ్ని కాబట్టి ఇది నాకు కాన్ఫిగ్ ఫైల్ లాగే కనిపిస్తుంది. మామూలుగా 130 హెర్ట్జ్, 60 మైక్రోసెకన్లు, దాంతోపాటు వోల్టేజ్. నంబర్ మారిస్తే మనిషి మారుతాడు. మంచి సంగతి ఏంటంటే, ఈ రకం చాలావరకు సెట్టింగ్ మారిస్తే తగ్గుతుంది.

మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఆపరేషన్ తర్వాత మందులు బాగా తగ్గిస్తారు. మరీ తొందరగా తగ్గిస్తే దేని మీదా ఆసక్తి ఉండదు, దిగులు పట్టుకుంటుంది. కొందరిలో రివర్స్‌లో కోపం, దుబారా ఖర్చులు. 2006లో పారిస్ టీమ్ 29 మంది పేషెంట్ల మీద రాసింది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఒంట్లో కదలిక బాగా మెరుగైంది. కానీ అంతకుముందు ఉద్యోగం చేస్తున్న 16 మందిలో మళ్లీ పనికి వెళ్లింది 9 మందే. చాలా ఇళ్లలో భార్యాభర్తల మధ్య గొడవలు. ఒళ్లు బాగైంది, మనసు దానికి సర్దుకోలేదు.

అంటే డీబీఎస్ చెడ్డదా? కాదు. 2009లో అమెరికాలో 255 మందితో చేసిన స్టడీలో, డీబీఎస్ చేయించుకున్నవాళ్లకు రోజుకు సగటున 4.6 గంటలు ఎక్కువ మంచి టైమ్ దొరికింది. మందులతోనే ఉన్నవాళ్లకు అది దొరకలేదు. అదే స్టడీలో సీరియస్ సైడ్ ఎఫెక్ట్స్ 40 శాతం మందికి వచ్చాయి, మందులవాళ్లలో 11 శాతం. రెండు లెక్కలూ కలిపి చూడాలి.

ఇప్పుడు మన కాగజ్‌నగర్ సంగతి. ఆపరేషన్ ఒక్కసారే, కానీ ట్యూనింగ్‌కు చాలాసార్లు పోవాలి. సికింద్రాబాద్‌కు రైల్లో దాదాపు 300 కిలోమీటర్లు. వణికే మనిషిని తీసుకొని ప్రతిసారి ఆ ప్రయాణం. అందుకే ఆపరేషన్‌కు ముందే అడగండి: ట్యూనింగ్‌కు ఎన్నిసార్లు రావాలి, బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది, మార్చడానికి ఎంత అవుతుంది?

ఇంకో మాట. పేషెంట్‌లో మార్పు మొదట కనిపించేది ఇంట్లోవాళ్లకే. బాపు చేతులు ఆగాయని సంతోషపడి ఊరుకోవద్దు. సరిగా మాట్లాడుతున్నాడా, నవ్వుతున్నాడా, మునుపటిలా పొలం ముచ్చట అడుగుతున్నాడా చూడండి. తేడా అనిపిస్తే వయసు వల్ల అని వదిలేయకుండా డాక్టర్ గారికి చెప్పండి. సొంతంగా మిషన్ ఆపొద్దు, మందులు మానొద్దు. పారిస్‌లో ఆ పెద్దావిడ బాధ ఎందుకు వచ్చిందో తెలిసింది, పక్కన చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి. ఇంట్లో ఆ చూసేవాళ్లం మనమే.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.