ప్రక్కవాద్యమునకు ప్రధానపీఠము

కచేరివేదికపై ఎవరెచ్చట కూర్చుండవలెనో మన సంప్రదాయము ఏనాడో నిర్ణయించినది. నడుమ గాయకుడు, ఒక ప్రక్క ఫిడేలు, వేరొక ప్రక్క మృదంగము. గాయకుడు రాగమును విస్తరింపగా ఫిడేలు విద్వాంసుడు దానిని వెన్నంటి పలికింపవలెను. తన వంతు వచ్చినప్పుడు కొంతసేపు స్వతంత్రముగా వాయించినను, గాయకుని మించినచో అవినయమని తలతురు. ఈ యేర్పాటునందు దోషమేమియు లేదు. కాని ప్రక్కను కూర్చుండినవాడు ఎన్నటికిని ప్రక్కవాడే యనుకొనుట అన్యాయము. ఆ యన్యాయమును వాదముచేత గాక వాద్యముచేత తొలగించినవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు.

ఫిడేలు పుట్టుకచేత మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఐరోపావారి పద్ధతిని మదరాసులో అభ్యసించి, దానిని మన సంగీతమునకు అలవరచెను. తంజావూరు సోదరులలో నొకడగు వడివేలు, తిరువాన్కూరు ప్రభువు స్వాతి తిరునాళ్ వలన 1834లో దంతపు ఫిడేలును బహుమానముగా పొందెను. మనవారు తంత్రులను షడ్జ పంచమములకు శ్రుతిచేసి, నేలపై కూర్చుండి, ఫిడేలు తలను పాదముపై నానించి వాయించు విధానమును కల్పించిరి. అందువలన ఎడమచేయి తంత్రులపై నిరాటంకముగా జారి, మన గమకములను కంఠమువలెనే పలికింపగలిగెను. పరదేశపు వస్తువును స్వీకరించుటకు జంకని మనము, దానికి ప్రధానస్థానము నిచ్చుటకు మాత్రము నూరేండ్లు తడవు చేసితిమి.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారే వారికి తొలి గురువు. బాల్యమునుండియు చూపు మందము. బడిచదువునకు అది అడ్డమయ్యెను. అట్టి బాలునిగూర్చి మన యిండ్లలో ఏమందుమో పాఠకులెరుగుదురు. అక్షరము పట్టుబడనివాడు దేనికిని కొరగాడని నిట్టూర్చి యూరకుందుము. ఆ యింట అట్లు జరుగలేదు. కంటికి అందని విద్యను చెవికిని చేతికిని అందించిరి. తెలుగుదేశమునకు ఒక మహావిద్వాంసుడు దక్కెను.

1919లో విజయనగర ప్రభువులు సంగీతపాఠశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులనుగా నియమించిరి. విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారి వాద్యమును విని, దాసుగారు వారిని ఆచార్యులనుగానే నిలిపిరని చెప్పుకొందురు. అప్పటికి వారి వయస్సు ఇరువదియారేండ్లు. 1936లో దాసుగారి యనంతరము అధ్యక్షపదవియు వారికే లభించెను. గురువుగారి యింట ఊడిగము చేసి విద్య సంపాదించు పూర్వపద్ధతిలో గురువు దయయే ద్వారము. పాఠశాలలో తరగతి కలదు, నియమిత కాలము కలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచ్చట చదివినవారే. పి. సుశీలగారివంటి ఆడుబిడ్డలకును ఆ పాఠశాలలో సంగీతశిక్షణ లభించెను. కుటుంబస్త్రీకి సంగీతము తగదని వాదించినవారికి ఇంతకుమించిన సమాధానమేమి కావలెను?

ప్రధానవాద్యమునకు ఒక చిక్కు కలదు. దానికి మాటలు లేవు. గాయకునికి సాహిత్యము తోడు. స్వరము కొంత తగ్గినను పదము శ్రోతను నిలుపును. ఒంటరి ఫిడేలునకు నాదమే సర్వస్వము. కావున నాయుడుగారు పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధతో పరిశీలించి, నిడుపైన కమానులాగుడుచేత తంత్రినుండి నిండైన నాదమును రాబట్టిరి. విదేశపు హస్తకౌశలము మన రాగమునకు దాసియయ్యెనే కాని యజమాని కాలేదు. 1938లో వేలూరులో వారు ఫిడేలే ప్రధానముగా చేసిన కచేరి దక్షిణదేశమున ఆ తీరువానిలో మొదటిదని చెప్పుదురు.

1941లో మదరాసు సంగీత విద్వత్సభ వారిని సంగీతకళానిధి బిరుదముతో సత్కరించెను. 1952లో భారతదేశమునకు వచ్చిన జగత్ప్రసిద్ధ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్, మదరాసులో రాజమన్నారుగారి యింట వీరి వాద్యమును విని మెచ్చుకొనెనందురు. ఒకనాడు అటునుండి వచ్చిన వాద్యము మనచేతిలో ఏమయ్యెనో అటువారే వచ్చి వినుట ఉచితముగానే యున్నది. 1957లో పద్మశ్రీ లభించెను. 1964 నవంబరు 25వ తేదీన వారు పరమపదించిరి. శతజయంతి సంవత్సరమగు 1993లో ప్రభుత్వము వారిపేర తపాలాబిళ్ళను వెలువరించెను.

బిరుదములు విద్వాంసునికి భూషణములు. ఆయన చరితము మనకు పాఠము. వెన్నంటి నడచువానికి శక్తి లేక కాదు, అవకాశము లేక వెనుకబడియుండవచ్చును. మన యిండ్లలో, బడులలో, కచేరులలో ఎందరిని ఇట్లు ప్రక్కను కూర్చుండబెట్టితిమో ఒక్కసారి లెక్కించుకొనవలెను. ఒకనికి చోటిచ్చినందున నడుమ కూర్చుండువానికి లోపము రాలేదు. నాయుడుగారు ప్రధానపీఠమెక్కిన పిదపను గాయకులు పాడుచునే యున్నారు. సంగీతమునకు మాత్రము ఒక కంఠము పెరిగినది.