మృత్యురేఖ నుండి గడువు దాకా

పత్రికలకు వ్రాసేవారిలో 'డెడ్‌లైన్' అనే మాట ఎరుగనివారు లేరు. తెలుగులో అది దేశ్యపదమంత చనువుగా చెలామణి అవుతున్నది. అందులో చావు ఉన్నదని తెలిసినా, ఆ చావు ఎవరిదని ప్రశ్నించేవారు అరుదు. ఒకప్పుడు ఆ మాట నిజంగానే నేలమీద నాటిన ఒక కొయ్యపట్టీకి పేరు.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864 ఫిబ్రవరిలో, దక్షిణ రాష్ట్రాల కూటమి జార్జియాలోని ఆండర్సన్‌విల్ వద్ద యుద్ధఖైదీల శిబిరం తెరచినది. 10,000 మందికి ఉద్దేశించిన ఆ ఆవరణలో ఆగస్టు నాటికి 32,000 మందికి పైగా క్రిక్కిరిసి ఉన్నారు. దుంగల ప్రాకారానికి లోపలివైపున, సుమారు 19 అడుగుల దూరంలో గుంజలు పాతి, వాటిమీద సన్నని కొయ్యపట్టీ కొట్టినారు. దానిని దాటిన ఖైదీని కాల్చివేయవలసినదని కావలివారికి ఆజ్ఞ. ఆ పట్టీయే 'డెడ్ లైన్'. ఆ యేడు శిబిరాన్ని తనిఖీ చేసిన దక్షిణ సైనికాధికారుల నివేదికలలోనే ఈ మాట కనిపిస్తున్నది.

పద్నాలుగు నెలల కాలంలో అక్కడికి చేరిన దాదాపు 45,000 మందిలో సుమారు 13,000 మంది మరణించినారు. వారిలో అత్యధికులను బలిగొన్నవి ఆకలి, అతిసారం, స్కర్వీ వ్యాధి. తుపాకిగుండుకు చచ్చినవారు కొద్దిమందే. అయినప్పటికీ, శిబిరాధికారి హెన్రీ విర్జ్‌పై 1865లో సైనిక న్యాయస్థానం జరిపిన విచారణలో ఈ రేఖ కూడా అభియోగాలకెక్కినది. నవంబరు 10న విర్జ్‌ను ఉరితీసినారు. రేఖ పోయినది, మాట మిగిలినది.

తరువాత అచ్చుయంత్రంపై అక్షరాలు అమర్చే చోట ఒక హద్దుగీతకు ఇదే పేరు వచ్చినది. ఆ గీతకు ఆవల ఉన్న అక్షరం కాగితంపై పడదు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అమెరికా పత్రికా కార్యాలయాలలో ఈ మాట కాలానికి హద్దు అయినది. వేళ మించిన వార్తకు పత్రికలో చోటు లేదు. అప్పటికి మాటలోని నెత్తురు ఆరిపోయినది.

అనువాదకునికి చిక్కు ఇక్కడనే. మన 'గడువు' చక్కని మాట. 'గడచు' ధాతువుతో దానికి చుట్టరికం. అందులో కాలం నడచిపోతుంది, మనిషి చావడు. నేటి కార్యాలయ జీవితాన్ని చిత్రించే కథకు అంతకన్న తగిన మాట లేదు. కాని మెకిన్లీ కాంటర్ 1955లో ఈ శిబిరం పేరుతోనే నవల వ్రాసి, మరుసటి యేడు పులిట్జర్ బహుమానం పొందినాడు. అటువంటి గ్రంథాన్ని తెనిగించేవాడు ఈ మాటకు 'గడువు' అని వ్రాస్తే ఖైదీ ఎదుటనున్న తుపాకి మాయమైపోతుంది. 'లక్ష్మణరేఖ' అందామా? వాల్మీకంలో లేకపోయినా మన ఊహలో స్థిరపడిన ఆ రేఖ లోపలివారిని కాపాడడానికి గీసినది. ఆండర్సన్‌విల్ రేఖ లోపలివారిని చంపడానికి గీసినది. అక్కడ 'మృత్యురేఖ' అనక తప్పదు.

సామాన్య నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది, వయస్సు చెప్పదు. ఆ వయస్సును విచారించడం అనువాదకుని పని. 1864 నాటి మాటకు నేటి అర్థం కట్టబెడితే, ఆ కొయ్యపట్టీ వద్ద నేలకొరిగినవాడు మన భాషలో ఏదో పని ఆలస్యం చేసినవాడుగా మిగిలిపోతాడు.