పెట్టెలోనే తాళపుచెవి

పెట్టెకు తాళము వేసి, తాళపుచెవిని పెట్టె కొన్నవాని యింటనే దాచినచో ఆ తాళము ఎంతకాలము నిలుచును? ఇరువదవ శతాబ్దము చివర చలనచిత్ర నిర్మాతలకు ఈ ప్రశ్నయే ఎదురైనది.

వీడియో క్యాసెట్టునుండి మరియొక క్యాసెట్టునకు ఎక్కించినపుడెల్ల బొమ్మ కొంత చెడుచుండెడిది. నకలుకు నకలు తీసిన కొలది మసక హెచ్చును. ఈ లోపమే నిర్మాతలకు కొంత రక్షగా నుండెను. 1996లో జపానులో విడుదలయిన డి.వి.డి. విషయము వేరు. అందులో చిత్రమంతయు సున్నలు, ఒకట్లుగా నమోదగును. అంకెలను తప్పులేకుండ తిరిగి వ్రాసినచో వేయవ నకలు కూడ మొదటిదానివలెనే ఉండును గదా!

కనుక ఆ అంకెలకు సి.ఎస్.ఎస్. అను సంకేత పద్ధతితో తాళము వేసిరి. దాని తాళపుచెవి 40 స్థానముల సంఖ్య. ఒక్కొక్క స్థానమున సున్న గాని, ఒకటి గాని ఉండును. కావున సాధ్యమగు తాళపుచెవులు సుమారు 1,10,000 కోట్లు! సంఖ్య పెద్దదే. కాని చిక్కు వేరొకచోట నున్నది. చిత్రమును చూపవలెనన్న యంత్రము ముందుగా తాళము తీయవలెను. అందుచే తాళపుచెవి ఆ యంత్రములోనే ఉండక తప్పదు.

1999లో, లైసెన్సు పొందిన ఒక కంప్యూటరు ప్రోగ్రాములో తాళపుచెవి సరిగా దాచబడలేదని బయటపడినది. ఆ అక్టోబరులో నార్వే బాలుడు యాన్ లెక్ యొహాన్సెన్, పేరు తెలియని మరి యిద్దరు కలిసి చేసిన 'డి-సి.ఎస్.ఎస్.' అను ప్రోగ్రాము ఇంటర్నెట్టులో వెలువడినది. అప్పటికి అతని వయస్సు 15 ఏండ్లు. తాను కొన్న డిస్కును లినక్స్ కంప్యూటరుపై చూచుకొనుటకే ఇట్లు చేసితినని అతని వాదము. ఓస్లో న్యాయస్థానము 2003లో అతనిని నిర్దోషిగా విడిచిపెట్టినది. అమెరికాలో మాత్రము, 1998 నాటి చట్టము ననుసరించి, ఆ ప్రోగ్రామును పంచరాదని 2000లోనే తీర్పు వచ్చినది. అయినను నకళ్ళు ఆగలేదు.

అట్లయిన తాళము వ్యర్థమా? పూర్తిగా కాదు. సామాన్యుని అది ఆపగలదు. పట్టుదల గలవానిని ఆలస్యము చేయగలదు. కాని ఒక్కడు తెరచిన చాలును. ఆ నకలు తాళము లేకయే లోకమంతట తిరుగును. అప్పుడు తాళపు ఇబ్బంది మిగులునది డబ్బిచ్చి కొన్నవానికే. 2009లో ఆపిల్ సంస్థ తన అంగడిలోని పాటలకు తాళములు తీసివేసినది. పాటల అమ్మకము ఆగలేదు. కళాకారుని శ్రమకు రక్షణ కావలసినదే. ఆ రక్షణ గణితము ఒక్కదానివలననే లభించునను ఆశ మాత్రము నిలువలేదు.