తుపాకులు పేలని రాత్రి – కర్నల్ సంతోష్ బాబు

సైనికుడు అంటే మాలో చాలామందికి ముందు తుపాకీయే గుర్తొస్తుంది. సినిమాల్లో చూసేది అదే కదా! నేను రాయబోయే వీరుడు ప్రాణం విడిచిన రాత్రి మాత్రం రెండు దేశాల సైనికులూ ఒకరినొకరు చంపుకున్నారు గానీ, ఒక్క తూటా కూడా పేల్చలేదు. ఆయనే కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు.

ఆయన సొంత ఊరు తెలంగాణలోని సూర్యాపేట. తండ్రి బ్యాంకు ఉద్యోగి. ఆరో తరగతిలోనే ఇల్లు విడిచి విజయనగరం దగ్గర ఉన్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరారు. ఆ తరువాత పూణే దగ్గరి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో, డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీలో శిక్షణ పొంది, 2004 డిసెంబరులో 16వ బీహార్ రెజిమెంటులో అధికారిగా చేరారు. తెలుగాయనకు బీహార్ రెజిమెంటు ఏమిటి అని నాకు సందేహం వచ్చింది. అధికారిని ఏ రెజిమెంటుకైనా పంపుతారంట. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, హోసూరు దాటితే కన్నడం మాట్లాడే మా గురుబరపల్లి పక్క వాళ్లకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. ఏ పటాలంలో చిన్న అధికారిగా చేరారో, దానికే పదిహేనేళ్ల తరువాత ఆయన కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు.

ఇక గల్వాన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లడఖ్‌లో షియోక్ నదిలో కలిసే చిన్న నది గల్వాన్. సముద్రమట్టానికి సుమారు 14 వేల అడుగుల ఎత్తు. జూన్ నెలలో కూడా ఆ నీళ్లు మంచులా ఉంటాయి. అక్కడ మనకూ చైనాకూ మధ్య గీసిన సరిహద్దు లేదు, వాస్తవాధీన రేఖ అని ఒకటి ఉంది. అది ఎక్కడ పోతుందో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. అందుకని గొడవ పెద్దది కాకూడదని 1996లో రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదు.

2020 మే నెలలో అక్కడ ఉద్రిక్తత మొదలైంది. దేశమంతా కరోనాతో ఇళ్లలో ఉన్న రోజులవి. జూన్ 6న రెండు సైన్యాల పెద్ద అధికారులు కూర్చుని మాట్లాడుకుని, వెనక్కి తగ్గడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మాట జరిగిందా లేదా అని చూడాల్సినవాడు అక్కడున్న కమాండింగ్ ఆఫీసరే. జూన్ 15న పెట్రోలింగ్ పాయింట్ 14 దగ్గర చైనావాళ్ల మకాం ఇంకా ఉండడంతో సంతోష్ బాబు తన మనుషులతో అక్కడికి వెళ్లారు. చిన్న అధికారిని పంపి తాను వెనక ఉండిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఆయన తానే ముందు నడిచారు. నాకు ఈయన గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది.

మాటలు ముదిరి కొట్లాట అయింది. ఇనుప కడ్డీలు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, రాళ్లు. చీకట్లో గంటల తరబడి సాగింది. కొందరు ఆ చల్లని నదిలో పడిపోయారు. మనవాళ్ల దగ్గర తుపాకులు లేక కాదు, ఉండీ పేల్చలేదు. గాయపడ్డాక కూడా సంతోష్ బాబు వెనక్కి రాకుండా కడవరకు తనవాళ్లను నడిపించారని ఆయన పతకంతో ఇచ్చిన ప్రశంసాపత్రం చెబుతుంది. ఆ రాత్రి మనవాళ్లు 20 మంది అమరులయ్యారు. తమ వైపు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో గానీ ఒప్పుకోలేదు. వాస్తవాధీన రేఖ దగ్గర అంతకుముందు మన సైనికులు చనిపోయింది 1975లో, అంటే 45 ఏళ్ల కిందట.

ఆ కాల్పులు వద్దన్న నియమం వల్లే ఇంతమంది పోయారని కొందరు అంటారు. తుపాకీ పేలి ఉంటే అది ఒక లోయతో ఆగేదా? ఆ రాత్రి కోపాన్ని ఆపుకున్నవాళ్లు ఎంత పెద్ద యుద్ధాన్ని ఆపారో అని నాకు అనిపిస్తుంది.

2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. యుద్ధకాలపు పతకాల్లో పరమవీర చక్ర తరువాతిది ఇదే. పరమవీర చక్రే వస్తుందని ఆయన తండ్రి ఆశించారు. కొడుకును ఇచ్చిన తండ్రికి ఆ మాట అనే హక్కు ఉంది. అదే ఏడాది నవంబరు 23న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య పతకం అందుకున్నారు.

గల్వాన్‌లోనే అమరుడైన హవల్దార్ కె. పళని మన తమిళనాడు రామనాథపురం జిల్లావారు, ఫిరంగిదళంలో పనిచేశారు. ఆయనకు వీర చక్ర ఇచ్చారు. సూర్యాపేట తెలుగాయన, రామనాథపురం తమిళాయన, వాళ్ల పక్కన బీహారు, పంజాబు వాళ్లు – అందరూ ఒకే రాత్రి, ఒకే లోయలో.