లాస్‌పేటకు ఆ పేరు పెట్టిన ఇల్లు

పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు దూప్లేకు విగ్రహం ఉంది, లాకు పేట ఉంది. సముద్రం ఒడ్డున 1870లో నిలబెట్టిన ఆ విగ్రహం దగ్గర ఫొటో దిగకుండా పోయే యాత్రికులు తక్కువ. విమానాశ్రయం ఉన్న లాస్‌పేట మాత్రం ఎవరి పేరు మీద వెలిసిందో అక్కడ కాపురముండే వాళ్లలోనే చాలామందికి తెలియదు. నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగి, ఇక్కడికి చరిత్ర పాఠాలు చెప్పడానికి వచ్చి, లాస్‌పేటలోనే ఇల్లు కట్టుకున్నాను. బ్రాడీ అన్నది స్కాట్లాండు ఇంటిపేరు, అక్కడ అదో ఊరు కూడా. పక్కనే ఉన్న మా అరండల్‌పేట సంగతీ అంతే: అరండల్ ఇంగ్లండులో ససెక్స్ జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్ల పేర్లు ఇంటిపేర్లయి, ఓడెక్కి వచ్చి, మన పేటలకు అంటుకున్నాయి. లాస్‌పేటది అంతకన్నా పెద్ద ప్రయాణం.

స్కాట్లాండులో లా అంటే విడిగా నిలబడ్డ గుట్ట. డండీ నగరం నడుమ ఉన్న గుట్టను ఇప్పటికీ డండీ లా అనే అంటారు. గుట్ట పక్కన ఉండేవాళ్లకు అదే ఇంటిపేరయింది. లారెన్స్ అనే పేరును పొట్టిచేసి లా అని పిలిచిన ఇళ్లలోనూ అదే నిలిచింది. ఎడిన్‌బరోలో విలియం లా అనే బంగారం వర్తకుడు 1683లో దగ్గర్లోని లోరిస్టన్ ఎస్టేటు కొన్నాడు. అప్పటి నుంచి ఆ స్థలం పేరు కూడా ఇంటిపేరుకు తోడయింది.

ఆయన కొడుకు జాన్ లాను ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు ఎరుగుదురు. 1694లో లండన్‌లో ద్వంద్వయుద్ధంలో ఒకణ్ణి చంపి, ఉరిశిక్ష పడ్డాక జైలు నుంచి తప్పించుకున్నాడు. 1716లో పారిస్‌లో బ్యాంకు పెట్టాడు. 1719లో ఫ్రెంచి వర్తక కంపెనీలను కలిపి ఒకే ఇండియా కంపెనీ చేశాడు. పుదుచ్చేరి ఆ కంపెనీ ఆస్తే. మరుసటి ఏడాదికే వాటాల ధర కుప్పకూలింది. 1729లో ఆయన వెనిస్‌లో చనిపోయాడు. తమ్ముడు విలియం ఫ్రాన్సులోనే ఉండిపోయాడు. ఆ తమ్ముడి కొడుకులు ఇద్దరు, జాఁ, జాక్, పెదనాన్న కూర్చిన కంపెనీ కొలువులోనే ఇండియాకు వచ్చారు.

చిన్నవాడు జాక్ మన తెలుగు నేల మీదా నడిచాడు. 1752లో శ్రీరంగంలో ఇంగ్లీషువాళ్లకు లొంగిపోయిన సేనాని ఆయనే. నాలుగేళ్ల తరవాత, హైదరాబాదులో చార్ మహల్‌లో ఫ్రెంచి సేనాని బుస్సీ ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, మచిలీపట్నం నుంచి సైన్యం వెంటబెట్టుకుని సాయం వెళ్లిందీ ఆయనే.

పెద్దవాడు జాఁ లా ప్లాసీ యుద్ధానికి ముందు బెంగాల్లో కాశింబజారు ఫ్రెంచి కోఠీ పెద్ద. ఆ ఓటమి తరవాత కొద్దిమంది సైనికులతో ఉత్తరాది అంతా తిరిగి, మొగలు పాదుషా షా ఆలం పక్షాన చేరాడు. 1761 జనవరి నడుమ బీహారులో చివరి పోరు. సైన్యం చెదిరిపోయింది. ఆయన కదల్లేదు, ఒక ఫిరంగి మీద గుర్రమెక్కినట్టు కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు అధికారులు దగ్గరికి వచ్చి టోపీలు తీసి లొంగిపొమ్మన్నారు. కత్తి మాత్రం ఇవ్వనన్నాడు, వాళ్లు ఒప్పుకున్నారు. ఈ సంగతి రాసిపెట్టింది ఆ కాలపు చరిత్రకారుడు గులాం హుసేన్ ఖాన్.

సరిగ్గా ఆ రోజుల్లోనే పుదుచ్చేరి కూడా లొంగిపోయింది. దూప్లే దగ్గర దుబాసీగా ఉండి, పాతికేళ్ల రోజువారీ లెక్కలూ కబుర్లూ రాసిన ఆనందరంగ పిళ్లై జనవరి 12న కన్నుమూశాడు. కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందం చెప్పింది ఈయన పేరు మీదే. పిళ్లై పోయిన నాలుగు రోజులకు కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది. వాళ్లు కోటనీ, దూప్లే కట్టించిన గవర్నరు భవనాన్నీ, తెల్లవాళ్ల ఇళ్లనీ నేలమట్టం చేశారు. పిళ్లై ఇల్లు లాంటి కొద్ది కట్టడాలే మిగిలాయి.

1763 పారిస్ సంధితో ఊరు ఫ్రెంచివాళ్లకు తిరిగొచ్చింది. 1765లో జాఁ లా గవర్నరుగా దిగేసరికి ఇక్కడున్నది శిథిలాల దిబ్బ. మధ్యలో కొద్దికాలం తప్ప 1777 దాకా ఆయనే ఉన్నాడు. చెదిరిపోయిన జనం తిరిగొచ్చి ఊరు మళ్లీ లేచింది ఆ పన్నెండేళ్లలోనే. దూప్లే వైభవం చూద్దామని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మీరు తిరుగుతున్న పుదుచ్చేరి దూప్లేది కాదు, ఆయన ఊరు నేలమట్టమయ్యాక లా కాలంలో మళ్లీ మొదలైన ఊరు.

ఇక ఈ జాఁ లా పేరు మీద వెలిసిన లాస్‌పేట పేరు పలికే తీరు. తమిళంలో రాసేది ఇలాసుప్పేట్టై, నోట్లో ఆడేది లాస్‌పేట్టై. మధ్యలో ఉన్న సకారం ఇంగ్లీషు షష్ఠీ విభక్తి అని చాలామంది అనుకుంటారు. కానీ ఫ్రాన్సులో ఆ రోజుల్లో జాన్ లాను లాస్ అనే పిలిచేవారు, అలా రాసినవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచి దొరతనంలో ఉన్న ఊళ్లో జనం చెవిన పడింది లాస్ అనే మాటేనని, దానికి పేట చేర్చుకున్నారని నా నమ్మకం. అదే నిజమైతే, పారిస్‌లో మూడు శతాబ్దాల కిందటి ఉచ్చారణ మా టౌన్ బస్సు కండక్టరు నోట ఇంకా బతికి ఉన్నట్టే.

జాఁ లా కొడుకు అలెగ్జాండర్ 1768లో పుదుచ్చేరిలోనే పుట్టాడు. నెపోలియన్‌కు సహాయక సేనాని (ఎయిడ్-డి-క్యాంప్) అయ్యాడు, 1812లో మాస్కో నుంచి రష్యా సేనాని కుతుజోవ్ దగ్గరికి సంధి రాయబారం మోశాడు, 1823లో ఫ్రాన్సు మార్షల్ అయ్యాడు. పారిస్‌లో విజయతోరణం మీద చెక్కిన పేర్లలో లోరిస్తోన్ (లోరిస్టన్‌కు ఫ్రెంచి పలుకు) ఒకటి. ఆ పక్కనే అదే పేరుతో ఒక వీధి.

ఇక్కడ దూప్లే వీధి నెహ్రూ వీధి అయింది, బుస్సీ వీధి లాల్ బహదూర్ శాస్త్రి వీధి అయింది. లాస్‌పేట జోలికి ఎవరూ రాలేదు. అది దొర పేరన్న సంగతే మరుగున పడింది గనుక రాలేదు. పేరు మార్చమని నేను అడగను. ఏటా కొన్ని వందలమంది పిల్లలు లాస్‌పేట కాలేజీల్లో చేరుతున్నారు. అక్కడి ఏ కూడలిలోనైనా 1761లో ఊరెలా పోయిందో, 1765లో ఎలా లేచిందో తమిళంలో నాలుగు వాక్యాలు చెక్కి పెడితే చాలు. ఆ రాయికి కావలసిన సంగతులు రాసివ్వడానికి నేను సిద్ధం.