పెనుకొండ సీమ కూరతోటలు, నీటి బరువు

1388 నాటి శాసన మొకదానిలో చక్కని విషయ మున్నది. హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో కొలువుండి, జలసూత్ర నిపుణుడగు సింగయభట్టును పిలిచి హెన్నేనదిని, అనగా మన పెన్నేటిని, పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించెను. సింగయభట్టు సిరువేర చెరువునకు కాలువ త్రవ్వించి దానికి రాజు పేరు పెట్టెను. నీరు పల్లమునకు తనంతట తానే పారెను. దానిని నడుపుటకు పుల్ల యైనను కాల్చవలసిన పని లేదు. చిత్రావతి నీటితో నిండు ధర్మవరము చెరువు సంగతియు నిట్టిదే.

చెరువు క్రింద చోటు దొరకని రైతు బావి త్రవ్వి, కపిల కట్టి, ఎద్దులచే నీరు తోడించెను. (ఎద్దులు నెమరు వేయునపుడు మీథేను వదలును గదా యని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. నిజమే!) పిమ్మట ఆయిలు ఇంజన్లు, విద్యుత్ మోటారులు వచ్చినవి. బావు లెండి, వందల అడుగుల బోర్లు దిగినవి. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు లభించెను. రైతునకు అది గొప్ప మేలే. కాని మోటారు ఎంతసేపు తిరిగినదో లెక్క చూచువాడు లేకపోయెను. హిందూపురము చుట్టుప్రక్కల పండిన టమాటాలు బెంగుళూరు సంతకు పోవునపుడు ఆ లెక్కయు వాని వెంట పోవుచున్నది.

ఆ లెక్కను తరగతిలోనే వేయవచ్చును. ఒక ఘనమీటరు నీటిని నూరు మీటర్ల లోతునుండి ఎత్తుటకు 0.27 యూనిట్ల శక్తి చాలును. మోటారు, పంపు కలిసి నూటికి 40 వంతులే పనిచేయు ననుకొన్నచో 0.68 యూనిట్లు కావలెను. మన విద్యుత్తులో పెద్దభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. యూనిటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అనగా ఘనమీటరు నీటికి దాదాపు అరకిలో. ఎకరమునకు 2,000 ఘనమీటర్లు పారించినచో ఇంచుమించు ఒక టన్ను!

రెండవది ఎరువు. నేలలో వేసిన నూరు కిలోల నత్రజనిలో సుమారొక కిలో నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలియునని అంచనా. భూమి వేడిని పట్టియుంచుటలో ఈ వాయువు బొగ్గుపులుసు వాయువుకంటె 273 రెట్లు బలమైనది. కావున ఆ స్వల్పాంశమే 430 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము.

2003లో ప్రభుత్వము సూక్ష్మసేద్య పథకము నారంభించిన పిమ్మట డ్రిప్పు గొట్టములు ఈ సీమలో విరివిగా వ్యాపించెను. నీరు చుక్కచుక్కగా వేరు చెంతకే చేరును. ఎరువును అందులోనే కరగించి కొద్దికొద్దిగా ఇచ్చినచో వృథాయు తగ్గును. అయితే మిగిలిన నీటితో మరియొక ఎకరము నాటినచో మోటారుకు విశ్రాంతి ఎక్కడిది? ఈ చిక్కును గొట్టములు విప్పలేవు.

చెరువులు నిండి భూగర్భజలము నూరు మీటర్లనుండి అరువదికి లేచినచో 0.68 యూనిట్ల ఖర్చు 0.41కి దిగును. పూడిక తీసిన చెరువు ఈ విధముగ విద్యుత్తును పొదుపు చేయును. కాని పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు హంద్రీ–నీవా ద్వారా చేరు కృష్ణాజలమును పంపులు మెట్టుమెట్టుగా ఎత్తి తెచ్చుచున్నవి. చెరువులను ఆ నీటితో నింపినపుడు దాని ఖర్చును కూడ ఈ లెక్కలో చేర్చవలసి యుండును.