అలంకారాల పేర్లు: పుట్టెన్‌హామ్ ప్రయత్నం, తెలుగు విద్యార్థి అనుభవం

ఆంగ్ల సాహిత్య తరగతిలో మెటఫర్, ఐరనీ, హైపర్‌బొలీ వంటి పారిభాషిక పదాలు తెలుగు విద్యార్థిని తికమక పెడతాయి. అవి పరభాషా పదాలు కావడమే అందుకు కారణమని సాధారణంగా భావిస్తారు. నిజానికి ఇవి ఆంగ్లేయులకు కూడా అరువు మాటలే. గ్రీకులో పుట్టి లాటిన్ మీదుగా వచ్చినవి. 16వ శతాబ్దపు ఇంగ్లండులో గ్రామర్ స్కూలు బాలురు వీటిని లాటిన్ పాఠంలో భాగంగా వల్లె వేసేవారు. 1550లో రిచర్డ్ షెర్రీ అలంకారాలపై ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించినప్పుడు, దాని పేరే స్వదేశీయుల చెవికి వింతగా తోస్తుందని పీఠికలో ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ వింతదనాన్ని పోగొట్టడానికి జరిగిన ప్రయత్నాల్లో ముచ్చటైనది 1589లో వెలువడిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఇంగ్లిష్ పొయెసీ’. రచయిత పేరు లేకుండా అచ్చయిన ఈ గ్రంథాన్ని జార్జ్ పుట్టెన్‌హామ్ రచనగా పరిగణిస్తారు. రాజాస్థానంలోని స్త్రీపురుషులను దృష్టిలో ఉంచుకొని ఆయన ప్రతి గ్రీకు పేరు పక్కన ఒక దేశీయ నామాన్ని చేర్చాడు. ఐరనీ ‘డ్రై మాక్’ అయింది, అంటే పొడి ఎగతాళి. సార్కాజం ‘బిటర్ టాంట్’, చేదు దెప్పిపొడుపు. హైపర్‌బొలీకి రెండు పేర్లు పెట్టాడు: అందని దానికి చేయి చాచే ‘ఓవర్ రీచర్’, గొంతెత్తి అబద్ధమాడే ‘లౌడ్ లయర్’. మెటఫర్‌ను ‘ఫిగర్ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్’ అనడంలో గ్రీకు మూలంలోని ‘మోసుకుపోవడం’ అనే అర్థం చెక్కుచెదరలేదు. నిర్వచనం అక్కరలేకుండానే బోధపడే పేర్లివి. అయినా నిలవలేదు. లాటిన్ పాఠ్యగ్రంథాలు రాజ్యమేలిన బడుల్లో పాత పేర్లదే చెలామణి.

తెలుగు విద్యార్థి ఇబ్బంది వేరు. అతనికి పేర్ల కొరత లేదు. సిమిలీకి ఉపమ, మెటఫర్‌కు రూపకం, హైపర్‌బొలీకి అతిశయోక్తి అని జతలు కట్టి బోధించడం పరిపాటి. ఈ జతలు పైకి కనిపించినంత చక్కగా అతకవు. ‘ఆమె ముఖమే చంద్రుడు’ అంటే రూపకం, మెటఫర్ కూడా. ముఖం ఊసెత్తకుండా ‘చంద్రుడు వాకిట్లోకి వచ్చాడు’ అంటే ఆంగ్ల విమర్శకుడికి అదీ మెటఫరే. అప్పయ్య దీక్షితుల ‘కువలయానందం’ లెక్కన మాత్రం అది రూపకాతిశయోక్తి, అంటే అతిశయోక్తిలో ఒక భేదం. జతల పట్టికను నమ్మి ఆ వాక్యాన్ని హైపర్‌బొలీ అని రాసిన విద్యార్థికి మార్కులు పోతాయి. తప్పు పట్టికదే.

మరోచోట లోటు ఆంగ్లానిదే. పోల్చబడే వస్తువును, పోలికగా తెచ్చే వస్తువును వేరు చేసి చెప్పే స్థిరమైన పేర్లు ఆంగ్ల విమర్శలో లేకపోవడాన్ని గుర్తించి, ఐ.ఏ. రిచర్డ్స్ 1936లో టెనర్, వెహికల్ అనే మాటలను ప్రతిపాదించాడు. ఉపమేయం, ఉపమానం అన్న పేర్లతో ఈ భేదం తెలుగు విద్యార్థికి హైస్కూలులోనే పరిచయమవుతుంది. ఎం.ఏ. ఆంగ్లంలో చేరినప్పుడు అదే విషయాన్ని కొత్త సిద్ధాంతంగా రాసుకొని, మళ్లీ మొదటి నుంచి కంఠస్థం చేస్తాడు.